బానెట్ ఎత్తే అలవాటు

కొత్త కారు ఇంటికొచ్చిన రోజున దానికి జరిగే మర్యాద ఇంతా అంతా కాదు. బందరు చిలకలపూడిలో అయితే ముందు పాండురంగస్వామి గుడి దగ్గర ఆగుతుంది. కొబ్బరికాయ, హారతి, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ తర్వాత ఆదివారం వస్తే కడగడం, సీట్లు దులపడం, అద్దాలు తుడవడం. ఇన్ని చేసే యజమానుల్లో చాలామంది బానెట్ ఎత్తేది మాత్రం బండి దారిలో ఆగిపోయిన రోజునే. అప్పుడు ఎత్తినా లోపల ఏది ఏమిటో తెలియదు. పైపులూ తీగలూ అల్లుకుపోయిన ఆ వేడిలోకి తొంగిచూసి, ఫోన్‌లో మెకానిక్ నంబరు వెతుక్కోవడం తప్ప చేయగలిగింది ఉండదు.

బానెట్ ఎత్తాల్సింది బండి బాగున్నప్పుడు. ఈ అధ్యాయంలో నేను చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే. మిగతాదంతా దాన్ని ఆచరణలో పెట్టే పద్ధతి. బాగున్న ఇంజన్‌లో ఆయిల్ ఎంత మట్టంలో ఉంటుందో, బెల్టు ఎలా కనిపిస్తుందో, పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఏ చప్పుడు వస్తుందో తెలిసినవాళ్లకే తేడా వచ్చిన రోజున ఆ తేడా పట్టుబడుతుంది. అప్పటికి ఇంకా ఖర్చు తక్కువలోనే ఉంటుంది. క్లిప్పు బిగిస్తే పోయే లీకును చూడకపోతే హెడ్ గ్యాస్కెట్ దాకా వెళ్తుంది. లీటరు ఆయిల్‌తో సరిపోయేది ఇంజన్ దింపి బోరుకు ఇచ్చేదాకా వస్తుంది.

ఇంజన్ దింపకుండా, స్పానర్ పట్టకుండా, కళ్లూ చేతులూ ముక్కూ చెవులతో చూడగలిగింది చాలా ఉంది. దానికి పట్టేది పది నిమిషాలు. కావాల్సినవి ఒక పాత నూలు గుడ్డ, ఒక టార్చి, ఒక నోటు పుస్తకం.

పోయిన అలవాటు

అంబాసిడర్ల కాలంలో టాక్సీ డ్రైవర్లకు ఈ అధ్యాయం అవసరం లేదు. పొద్దున్నే బానెట్ ఎత్తడం, రేడియేటర్‌లో నీళ్లు చూడడం, డిప్‌స్టిక్ లాగి తుడిచి మళ్లీ చూడడం, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం వాళ్ల దినచర్యలో భాగం. ఆ బళ్లు అలా చూడకపోతే నడిచేవి కావు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. తర్వాత ఒకదాన్ని మించి ఒకటి నమ్మకమైన బళ్లు వచ్చాయి. కూలెంట్ మూసిన వ్యవస్థలోకి వెళ్లింది, బ్యాటరీలు నీళ్లు అడగడం మానేశాయి, ఇంజన్ మీదకి ప్లాస్టిక్ మూత వచ్చింది. 2014లో అంబాసిడర్ తయారీ కూడా ఆగిపోయింది. ఆ బళ్లతోపాటే ఆ అలవాటూ పోయింది.

బళ్లు మెరుగుపడిన మాట నిజమే. కానీ చాలా కార్లకు ఒక సర్వీసుకీ ఇంకో సర్వీసుకీ మధ్య ఏడాది, లేదా 10,000 కిలోమీటర్లు. ఆ ఏడాది పొడవునా లోపలి సంగతి చూసే మనిషే ఉండడు. చిన్న లీకుకు ఏడాది చాలా ఎక్కువ కాలం.

మన బండికి మన ఊరు ఏం చేస్తుంది

చాలా కార్లతో ఇచ్చే మాన్యువల్‌లో రెండు రకాల సర్వీసు పట్టికలుంటాయి. ఒకటి మామూలు వాడకానికి. రెండోది దుమ్ము రోడ్లు, విపరీతమైన ఎండ, దగ్గర దగ్గర ప్రయాణాల లాంటి కష్టమైన వాడకానికి. రెండోదాంట్లో గడువులు తక్కువ. బందరు, గుడివాడ, దివిసీమల్లో బండి నడిపేవాళ్లు ఆ రెండో పట్టిక తీసి చదవాలి.

మంగినపూడి సముద్రం చిలకలపూడికి పది కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఉప్పు గాలి ఊరంతా తిరుగుతుంది. బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ తీగలు, హోస్ క్లిప్పులు ముందుగా తుప్పుపట్టేది అందుకే. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానానికి వెళ్లి ఇసుకలో బండి నిలిపిన వాళ్లు ఇంటికొచ్చాక పైన కడిగితే చాలదు, అడుగు భాగం కూడా మంచినీళ్లతో కడిగించాలి.

కోతల కాలంలో పెడన, గూడూరు, చల్లపల్లి దారుల్లో గాలి నిండా వరి పొట్టు, దుమ్ము. కోతలయ్యాక పొలాల్లోని ఎలుకలు ఇళ్ల వైపు, గడ్డివాముల వైపు వస్తాయి. రోహిణీ కార్తెలో ఏసీ పెట్టుకుని విజయవాడ దాకా వెళ్తే రేడియేటర్‌కు విశ్రాంతి ఉండదు. తీరం దగ్గర బోరు నీళ్లలో ఉప్పు. వానాకాలంలో రోడ్లమీద నిలిచే నీళ్లు. ఢిల్లీలోనో బెంగళూరులోనో రాసిన కారు పుస్తకంలో ఇవన్నీ ఒకచోట దొరకవు. వీటిని ఎరిగి బండిని చూడాల్సింది మనమే.

చేయి పెట్టే ముందు

చదునైన చోట బండి ఆపండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు చూడడం అన్నిటికన్నా మంచిది. బానెట్ ఊతకర్ర సరిగ్గా గాడిలో కూర్చుందో లేదో ఒకసారి ఊపి చూడండి.

చేతికి కడియం, బ్రాస్‌లెట్, ఉంగరం ఉంటే తీసేయండి. రోల్డ్ గోల్డ్ నగలు చేసే చిలకలపూడి మనుషులకు ఈ మాట గట్టిగానే చెప్పాలి. అసలు బంగారమైనా రోల్డ్ గోల్డైనా లోహం లోహమే. బ్యాటరీ రెండు కొసల మధ్య కడియం ఆనిందంటే క్షణంలో ఎర్రగా కాలి చర్మానికి అంటుకుంటుంది. చున్నీ, పైటకొంగు, కండువా గట్టిగా దోపుకోండి. రేడియేటర్ ఫ్యాన్ వేడిని బట్టి తిరుగుతుంది. ఇంజన్ ఆపేసిన తర్వాత కూడా అది ఉన్నట్టుండి తిరగడం మొదలుపెట్టొచ్చు.

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూతను గానీ కూలెంట్ డబ్బా మూతను గానీ తిప్పవద్దు. లోపలి కూలెంట్ ఒత్తిడి కింద ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగుతుంది. మూత వదులైన మరుక్షణం మరిగి ముఖం మీదకి చిమ్ముతుంది. హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు తీగలు కనిపిస్తే ముట్టుకోవద్దు. వాటిలో ఉండేది ప్రాణాలు తీసే ఓల్టేజీ.

నేల నుంచి మొదలుపెట్టండి

బానెట్‌కన్నా ముందు చూడాల్సింది నేల. రాత్రి బండి నిలిపేటప్పుడు ఇంజన్ కింద ఒక పెద్ద అట్ట పరిచి ఉంచండి. పొద్దున దాన్ని లాగి చూస్తే సగం కథ తెలుస్తుంది.

రంగూ జిడ్డూ లేని నీళ్లయితే అది ఏసీ నుంచి కారినదే. మామూలు సంగతి. గోధుమరంగులోనో నల్లగానో ఉండి వేళ్లకు జిడ్డుగా తగిలితే ఇంజన్ ఆయిల్. ఆకుపచ్చగా, గులాబీ రంగులో, లేదా ఎర్రగా ఉండి కొంచెం తియ్యటి వాసన వస్తే కూలెంట్. అది విషం. రుచికి తియ్యగా ఉండడంతో కుక్కలు నాకుతాయి, అందుకే వెంటనే కడిగేయాలి. అట్టమీద మరక ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకుంటే, బానెట్ ఎత్తాక దానికి పైనున్న భాగం దగ్గర వెతకవచ్చు.

మరకను చూసి కంగారుపడనక్కర్లేదు. ఎంత ఉంది, వచ్చేవారానికి పెరిగిందా అన్నదే ముఖ్యం.

ఆయిల్

పది నిమిషాల్లో ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడ. ఇంజన్ లోపల లోహానికీ లోహానికీ మధ్య నిలబడేది వెంట్రుకకన్నా పలుచని ఆయిల్ పొర. అది తెగిన రోజున ఇంజన్ సీజ్ అవుతుంది.

బండి నడిపి ఉంటే ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగండి, పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలి. పసుపు లేదా నారింజ రంగు పిడి ఉన్న డిప్‌స్టిక్ లాగండి. మొదటిసారి లాగినప్పుడు కనిపించే మట్టాన్ని నమ్మకూడదు, నడిచేటప్పుడు చిమ్మిన ఆయిల్ పుల్లంతా అంటుకుని ఉంటుంది. గుడ్డతో శుభ్రంగా తుడిచి, చివరంటా లోపలికి నొక్కి, మళ్లీ లాగి, కొన కిందికి ఉండేలా పట్టుకుని చూడండి. ఆయిల్ అంచు రెండు గుర్తుల మధ్య ఉండాలి. చాలా చిన్న కార్లలో కింది గుర్తుకూ పై గుర్తుకూ తేడా దాదాపు లీటరు. తక్కువైతే మాన్యువల్‌లో రాసిన గ్రేడునే, పావు లీటరు చొప్పున పోస్తూ, ప్రతిసారీ ఆగి చూసుకోండి. పై గుర్తు దాటించకూడదు. మట్టం మరీ ఎక్కువైతే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది. నురగ లోహాన్ని కాపాడలేదు.

మట్టం చూశాక రంగు చూడండి. పెట్రోలు ఇంజన్‌లో కొత్త ఆయిల్ తేనె రంగులో ఉండి, రానురాను ముదురు గోధుమరంగుకు దిగుతుంది. డీజిల్‌లో మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. అది మసి, లోపం అనుకోవద్దు. కానీ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నట్టు. ఆ బండి నడపకుండా మెకానిక్‌ని పిలిపించాలి. ఆయిల్ పోసే మూత అడుగున మాత్రమే కొంచెం తెల్లటి జిగట ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉంటే, రోజూ దగ్గర ప్రయాణాలే చేయడం వల్ల పట్టిన చెమ్మ కావచ్చు. ఒకసారి విజయవాడ దాకా వెళ్లొచ్చి మళ్లీ చూడండి. ఆ తర్వాత కూడా ఉంటే చూపించండి.

తగ్గడమే కాదు, ఆయిల్ మట్టం పెరిగినా ప్రమాదమే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 కాలుష్య ప్రమాణాలు తప్పనిసరి అయ్యాయి. వాటి ప్రకారం తయారైన డీజిల్ కార్లకు పొగగొట్టం దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసిని కాల్చడానికి ఇంజన్ అప్పుడప్పుడు అదనంగా డీజిల్ చిమ్ముతుంది. రోజూ ఇంటి నుంచి బజారుకి, బజారు నుంచి ఇంటికి మాత్రమే తిరిగే బండిలో ఆ పని మధ్యలోనే ఆగిపోతూ, కాలని డీజిల్ కొంత కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలుచబడుతుంది, మట్టం పెరుగుతుంది. "పోయకుండానే పెరిగింది, మంచిదేగా" అనుకుంటే ఇంజన్‌కే చేటు.

కూలెంట్

డబ్బా అర్ధపారదర్శకంగా ఉంటుంది, మూత తీయకుండానే మట్టం కనిపిస్తుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రెండు గీతల మధ్య ఉండాలి. టార్చి వేసి రంగు చూడండి. తుప్పు రంగు తిరిగినా, పైన నూనె తెట్టు తేలినా మెకానిక్‌కి చూపించాలి.

తగ్గినప్పుడు చేతిపంపు నీళ్లూ బోరు నీళ్లూ పోయడం మన ప్రాంతంలో చాలా బళ్లను పాడుచేస్తోంది. ఆ నీళ్లలోని ఉప్పు అల్యూమినియం భాగాలను తింటుంది, సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. అలా రెండు మూడేళ్లకు మే నెలలో బండి హీటెక్కడం మొదలవుతుంది, కారణం మాత్రం ఎవరికీ గుర్తుండదు. మాన్యువల్ చెప్పిన కూలెంట్ రకాన్నే వాడండి. కలిపి అమ్మేది కాకపోతే డిస్టిల్డ్ వాటర్‌తో చెప్పిన పాళ్లలో కలపండి. ఒక రంగుదాంట్లో ఇంకో రంగుది పోయవద్దు. దారిలో గత్యంతరం లేకపోతే శుద్ధి చేసిన మంచినీళ్లు పోసి ఇల్లు చేరి, తర్వాత మొత్తం మార్పించండి.

మూసిన వ్యవస్థలో కూలెంట్ ఊరికే తగ్గదు. నెల నెలా తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా సిలిండర్‌లోకి పోయి కాలిపోతోంది. నోటు పుస్తకంలో రాసుకుంటేనే ఈ సంగతి తేలుతుంది.

బెల్టు, హోస్ పైపులు

ఇంజన్ పక్కన పుల్లీల మీద తిరిగే బెల్టును ఇంజన్ ఆపి ఉన్నప్పుడే టార్చి వేసి చూడండి. పగుళ్లు, అంచుల్లో పోగులు, అద్దంలా మెరిసే నునుపు వచ్చాయంటే అది మార్చాల్సిన బెల్టు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే కీచుమన్నా దాన్నే అనుమానించాలి. ఆల్టర్నేటర్‌ని తిప్పేది అదే, కొన్ని ఇంజన్లలో వాటర్ పంపును కూడా. పులిగడ్డ వారధి మీద అది తెగితే ఛార్జింగ్ ఆగిపోతుంది, వాటర్ పంపు కూడా దానిమీదే ఉంటే నిమిషాల్లో బండి హీటెక్కుతుంది.

టైమింగ్ బెల్టు వేరు. అది మూత వెనక ఉంటుంది, కంటికి కనిపించదు. దాన్ని కిలోమీటర్లను బట్టి, ఏళ్లను బట్టి మార్చాలి. అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని వంగిపోతాయి. మీ ఇంజన్‌లో ఉన్నది బెల్టా, చైనా అన్నది మాన్యువల్ చూసి తెలుసుకోండి. సెకండ్‌హ్యాండ్ బండి కొని, బెల్టు మార్చినట్టు బిల్లు లేకపోతే, మార్చలేదనే అనుకుని మార్పించండి.

రబ్బరు హోస్‌లను చల్లగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కండి. మంచి హోస్ గట్టిగా ఉండి, నొక్కితే అణిగి వెంటనే లేస్తుంది. మెత్తగా బురదలా అణిగినా, కర్రలా బిగుసుకున్నా, క్లిప్పు దగ్గర ఉబ్బినా దాని రోజులు దగ్గరపడ్డాయి. క్లిప్పు చుట్టూ తెల్లగానో ఆకుపచ్చగానో ఎండిన చార ఉంటే కూలెంట్ చెమ్మగిల్లుతున్నట్టు.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానికోసం తయారు చేయని పాత బళ్లలో ఇంధనం పైపుల రబ్బరు త్వరగా చెడవచ్చు. బానెట్ ఎత్తగానే గుప్పున పెట్రోలు వాసన కొడితే స్టార్ట్ చేయవద్దు. నిప్పు దగ్గరకు రానివ్వవద్దు. మెకానిక్‌ని ఇంటికి పిలిపించండి.

బ్యాటరీ

టెర్మినళ్ల మీద తెల్లటి, నీలి ఆకుపచ్చ బూజులాంటిది పేరుకుంటే కరెంటు సరిగ్గా ప్రవహించదు. కవరింగు నగలు చేసే ఊళ్లో దీన్ని వివరించనక్కర్లేదు. రాగిమీద మడ్డి ఉంటే బంగారు పూత పట్టదు, తీగ మీద మడ్డి ఉంటే సెల్ఫ్ కొట్టదు. కొత్త బ్యాటరీ కొనే ముందు ఒకసారి టెర్మినళ్లు శుభ్రం చేసి చూడండి.

శుభ్రం చేయడానికి ముందు నెగటివ్ తీగ తీయాలి, తర్వాత పాజిటివ్. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, తుడిచి, ఆరాక బిగించి, పైన పలుచగా వాజెలిన్ రాయండి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి బీడీ, సిగరెట్, అగ్గిపుల్ల దరిదాపుల్లో ఉండకూడదు. కొత్త బళ్లలో బ్యాటరీ తీగ తీస్తే కొన్ని సెట్టింగులు పోతాయి, మాన్యువల్ చూసుకోండి.

చిన్న మల్టీమీటర్ ఉంటే, రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ సుమారు 12.6 ఓల్టులు చూపాలి. 12.2 కన్నా కిందికి దిగితే సగానికి పైగా ఛార్జింగ్ పోయినట్టు. ఇంజన్ నడుస్తుండగా చాలా బళ్లలో 14 ఓల్టుల దగ్గర ఉంటుంది. నడుస్తున్నా 12 లోనే ఉంటే ఆల్టర్నేటర్‌ని చూపించాలి. బ్యాటరీది తప్పు కాకపోవచ్చు.

ఎలుకలు, పొట్టు, దుమ్ము

డెల్టాలో బండి యజమానికి ఉండే అసలు శత్రువు ఎలుక. నిన్న రాత్రి బాగున్న బండి పొద్దున మిస్ కొడుతుంది, లేదా అసలు స్టార్ట్ కాదు. వెతికితే వైరింగ్‌లో ఒక్క తీగ తెగి ఉంటుంది. బానెట్ ఎత్తినప్పుడు మూలల్లో గడ్డి పరకలు, వడ్ల పొట్టు, పెంటికలు, కొరికిన స్పాంజి ముక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే తీసేయండి. ఎండు గడ్డి వేడి ఇంజన్‌కు తగిలితే నిప్పంటుకుంటుంది. గడ్డివాము పక్కన, ధాన్యం బస్తాల పక్కన బండి నిలపకండి. రోజూ కదిలే బండిలో ఎలుక కాపురం పెట్టడం తక్కువ. ఎలుకల కోసమని గుడ్డమూటలు, ఆకులు, పొట్లాలు ఇంజన్ మీద పెట్టి మరిచిపోవడం మాత్రం ప్రమాదం.

ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు చాలా కార్లలో క్లిప్పులే ఉంటాయి, కొన్నిటికి స్క్రూలు. తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మడతల మధ్య నుంచి వెలుగు కనిపించకపోతే మార్చండి. పైపై దుమ్మే అయితే మెల్లగా తట్టి దులపండి. కాగితపు ఫిల్టర్‌ని నీళ్లతో కడగకూడదు. కోతల కాలంలో, పంట కాల్వల గట్లమీద, చెరువు గట్లమీద తిరిగే బళ్లకు ఏడాది ఆగకూడదు. నెలకోసారి తీసి చూడాలి. పికప్ తగ్గింది అనే ఫిర్యాదులు కొన్ని ఈ ఫిల్టర్‌తోనే తీరిపోతాయి.

ఇక స్టార్ట్ చేయండి

తాళం తిప్పగానే డాష్‌బోర్డులో లైట్లన్నీ ఒకసారి వెలగాలి. వెలగని లైటు ఏదైనా ఉంటే అదీ ఒక లోపమే, హెచ్చరించాల్సింది మూగబోయిందన్నమాట. ఇంజన్ అందుకున్నాక అవి ఆరిపోవాలి.

ఆయిల్ బొమ్మతో ఎర్రలైటు వెలిగిందంటే అది ఒత్తిడి పడిపోయిందని చెప్పడం. "పెడన దాకా వెళ్లి చూద్దాం" అనుకుంటే ఇంజన్ దక్కదు, అక్కడికక్కడే ఆపేయాలి. టెంపరేచర్ ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, పక్కకు తీసి ఇంజన్ ఆపండి. చల్లారేదాకా మూత జోలికి పోవద్దు. పసుపు రంగు ఇంజన్ లైటు నిలకడగా వెలిగితే ఒకటి రెండు రోజుల్లో స్కానర్ పెట్టించండి. అది మిణుకుమిణుకుమంటుంటే సిలిండర్ సరిగ్గా కాలడం లేదు. వేగం తగ్గించి దగ్గరి షెడ్డుకు చేర్చండి.

పొగ రంగు చూడండి. నీలం అయితే ఆయిల్ కాలుతోంది. నలుపు అయితే ఇంధనం ఎక్కువ, లేదా గాలి తక్కువ. తెలుపు, బండి వేడెక్కాక కూడా ఆగకుండా వస్తుంటే కూలెంట్ కాలుతోంది. మార్గశిరంలో పొద్దున పూట మొదటి రెండు నిమిషాలు వచ్చే పలుచని ఆవిరి మామూలే.

చివరగా ఒక నిమిషం మాట్లాడకుండా ఇంజన్ పక్కన నిలబడి వినండి. ప్రతి వారం విన్న చెవికి కొత్త చప్పుడు ఇట్టే పట్టుబడుతుంది.

నీళ్లలో నిలిచిన బండి

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడలోకి వచ్చినప్పుడు సింగ్ నగర్ వైపు వీధుల్లో బళ్లు రోజుల తరబడి నీళ్లలో నిలిచాయి. గుడివాడ పక్కన నందివాడ మండలం ఊళ్ల దాకా ఆ నీళ్లు చేరాయి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకు నీళ్ల సంగతి కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. కానీ మునిగిన బండి సంగతి చెప్పాలి.

నీళ్లు తగ్గగానే చేయి తాళం వైపు పోతుంది. ఆ చేతిని ఆపుకోవడమే ఇక్కడ చేయాల్సిన తనిఖీ. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, అప్పటిదాకా బాగుపడగలిగే ఇంజన్ తునకలవుతుంది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసేయండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి తడి ఉందేమో చూడండి. డిప్‌స్టిక్ లాగి ఆయిల్ తెల్లబడిందేమో, మట్టం పెరిగిందేమో చూడండి. నీళ్లు ఎంత ఎత్తుదాకా వచ్చాయో మరక కనిపించేలా ఫోటోలు తీయండి. బీమా కంపెనీకి చెప్పి, బండిని మోయించి షెడ్డుకు చేర్చండి. మామూలు పాలసీల్లో, నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేయబోయి పాడైన ఇంజన్‌కు సాధారణంగా డబ్బు రాదు. దానికి విడిగా ఇంజన్ ప్రొటెక్షన్ తీసుకోవాలి. ఈ తీరంలో ఉండేవాళ్లకు ఆ అదనపు ప్రీమియం దండగ కాదు.

నోటు పుస్తకం

చూసింది రాయకపోతే వారం తిరిగేసరికి మరిచిపోతాం. ఒక చిన్న పుస్తకం బండిలోనే ఉంచండి. తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ మట్టం, కూలెంట్ మట్టం, కొత్తగా కనిపించింది, వినిపించింది. ఒక్కో వారానికి ఒక్క వరుస చాలు. "ఆయిల్ పై గీతకు కొంచెం కింద. కూలెంట్ మధ్యలో. కుడివైపు అట్టమీద రూపాయి బిళ్లంత నల్ల మరక." మూడు నెలల తర్వాత ఆ వరుసలన్నీ ఒకసారి చదివితే బండి ఎటు పోతోందో తెలిసిపోతుంది.

ఒక నియమం పెట్టుకోండి. చూసింది మాత్రమే రాయాలి, ఊహించింది రాయకూడదు. "హెడ్ గ్యాస్కెట్ పోయినట్టుంది" అనేది ఊహ. "వారంలో కూలెంట్ వేలెడు తగ్గింది, కింద మరక లేదు" అనేది చూసిన సంగతి. ఈ రెండింటినీ వేరు చేయడం అలవాటైతే అది బానెట్ దగ్గరే ఆగదు. ఇంట్లో గొడవలోనూ, వ్యాపారం లెక్కల్లోనూ, డాక్టరు ఎదుటా పనికొస్తుంది.

మెకానిక్‌తో మాట

షెడ్డుకు వెళ్లి "ఏదో చప్పుడొస్తోందండీ, కాస్త చూడండి" అంటే మెకానిక్‌కి దారి దొరకదు. ఒక్కో భాగం విప్పుతూ వెతుకుతాడు, బిల్లు పెరుగుతుంది. "పొద్దున స్టార్ట్ చేసిన రెండు నిమిషాలు కీచుమంటోందండీ. వాన పడిన రోజున ఎక్కువ. వేడెక్కాక ఉండదు" అంటే ఆయన నేరుగా బెల్టు దగ్గరికి వెళ్తాడు. ఎప్పుడు, ఎంత వేగంలో, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏసీ వేస్తేనా వేయకపోయినా అన్న నాలుగు సంగతులు చెప్పగలిగితే మంచి మెకానిక్ మిమ్మల్ని గౌరవిస్తాడు.

పని అయ్యాక "తీసిన పాత సామాను ఒకసారి చూపించండి" అని మర్యాదగా అడగండి. బందరు షెడ్డులోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా నిజాయితీగా పనిచేసేవాళ్లు ఆ మాటకు నొచ్చుకోరు. ఎందుకు పాడైందో వేలుపెట్టి చూపిస్తారు. అక్కడ నేర్చుకున్నది మళ్లీ మీ నోటు పుస్తకంలోకి ఎక్కించండి. మెకానిక్‌ని అనుమానించడానికి కాదు ఇదంతా. మోసపోతామేమో అనే భయం తెలియనితనంలోంచి పుడుతుంది, తెలిసినకొద్దీ తగ్గుతుంది.

ఈ నెలలో చేయాల్సింది

మొదటి వారం నేలమీద అట్ట, ఆయిల్ మట్టం, ఈ రెండే చూడండి. రెండో వారం వాటికి కూలెంట్ కలపండి. మూడో వారం బెల్టు, హోస్‌లు, బ్యాటరీ. నాలుగో వారం ఎయిర్ ఫిల్టర్, లైట్లు, పొగ, చప్పుడు. ఒకేరోజు అన్నీ మీదేసుకుంటే రెండో వారానికి అలవాటు తప్పుతుంది. నెల తిరిగేసరికి మొత్తం పది నిమిషాల పనిలోకి వస్తుంది. ఆ తర్వాత వారానికోసారి ఆయిల్, కూలెంట్, నేల. నెలకోసారి అన్నీ. దూరప్రయాణానికి ముందురోజు అన్నీ.

ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరినీ పక్కన నిలబెట్టుకోండి. భార్య, కొడుకు, కూతురు ఎవరైనా సరే, వాళ్ల చేతికే గుడ్డ ఇచ్చి డిప్‌స్టిక్ తుడవమనండి. అవనిగడ్డ దారిలో ఒంటరిగా ఎర్రలైటు చూసే రోజు వస్తే వాళ్లకు పనికొచ్చేది ఆ అనుభవమే.

తర్వాతి అధ్యాయం టైర్లు, బ్రేకుల గురించి. దాన్ని తెరిచే ముందు ఒకసారి బయటికి వెళ్లి, బానెట్ ఎత్తి, మీ బండి ఆయిల్ ఏ గీత దగ్గర ఉందో చూసి రాసుకుని రండి.